కలిసిపోయిన గ్యాసు

టాక్సీ మళ్ళీ వచ్చింది. షెడ్డు ముందు ఆగేటప్పటికే దాని నాలుగు అద్దాలూ కిందికి దిగి ఉన్నాయి. ఏసీ బాగుచేయించుకుని వెళ్ళిన కారు అద్దాలు దించుకుని తిరిగొచ్చిందంటే ఇక నోరు తెరిచి చెప్పాల్సిన పని లేదు. మేస్త్రి చేతిలో పానా కింద పెట్టి, గుడ్డకు చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"పొద్దున బండి తీసినప్పుడు పళ్ళు కొట్టుకునేంత చలి మేస్త్రి గారూ," అన్నాడు టాక్సీ డ్రైవరు దిగకుండానే. "ఎండెక్కేసరికి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. వెనక సీట్లో పెద్దావిడ, 'బాబూ, నన్ను ఊరికి తీసుకెళ్తున్నావా, ఉడకబెడుతున్నావా' అని అడిగింది. ఏం చెప్పమంటారు?"

మేస్త్రి ఏమీ చెప్పమనలేదు. బానెట్టు ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే ఒక చేత్తో సన్న పైపు, ఒక చేత్తో లావు పైపు పట్టుకుని, తల పక్కకు వంచి కాసేపు నిలబడ్డాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి మెడ కింద చెయ్యి పెట్టిన తల్లికి ఇంకెవరి మాటా చెవికెక్కదు. మేస్త్రి కూడా పైపు పట్టుకున్నప్పుడు అలాగే ఉంటాడు. సన్నది వేడిగా, లావుది చల్లగా ఉండాలి. రెండూ అలాగే ఉన్నాయి. కాని సన్నది ఉండాల్సినంత వేడి కాదు, చేతులు మార్చి మార్చి పట్టుకోవాల్సినంత వేడి.

ఒత్తిడి కొలిచే గేజీలు తగిలించాడు. నీలం గేజీలో ముల్లు బుద్ధిగా తన చోట నిలబడింది. ఎర్రదాంట్లో ముల్లు మాత్రం ఎవరో తరుముతున్నట్టు ఎక్కి ఎక్కి, ఇక ఎక్కలేనన్న చోట వణికింది. టక్కుమని శబ్దం. గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసరు ఆగిపోయింది. లోపల ఒత్తిడి మరీ పెరిగితే పైపులు పగలకుండా ఆపేసే స్విచ్చు ఒకటుంటుంది. అది తన పని తాను చేసింది. ముల్లు దిగింది. మళ్ళీ టక్కుమంది. మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

ఈ ఎక్కడమూ ఈ దిగడమూ ఈ వారంలో ఇంకో రెండు బండ్లలో చూశాడు. ఒకదానికి ఫ్యాను మార్చాడు. ఇంకోదానికి ముందున్న, గ్యాసును చల్లబరిచే కండెన్సరు విప్పి, దాని రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మూ పురుగులూ పోయేదాకా కడిగాడు. రెండూ తగ్గినట్టే తగ్గి తిరగబెట్టాయి.

షెడ్డు లోపలున్న అద్దాల ఆఫీసు గదిలోంచి తోడల్లుడు బయటికొచ్చాడు. షెడ్డు ఆయనది. అక్కచెల్లెళ్ళలో పెద్దామెను ఆయన, చిన్నామెను మేస్త్రి చేసుకున్నారు. వయసులో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా ఆ వరసన ఆయన అన్నయ్య అయ్యాడు, ఈయన తమ్ముడయ్యాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడడం అన్నయ్య వంతు, బండి కిందికి దూరడం తమ్ముడి వంతు.

"ఫ్యాను?"

"తిరుగుతోంది."

"కండెన్సరు?"

"శుభ్రంగానే ఉంది."

"అయితే గ్యాసే తమ్ముడూ. గ్యాసులో ఏదో కలిపారు."

మేస్త్రి ఎర్ర ముల్లు వైపే చూస్తున్నాడు. గ్యాసులోకి గాలి చేరినా ఇలాగే ఉంటుంది. వేరే రకం గ్యాసు కలిసినా ఇలాగే ఉంటుంది. ఏది కలిసిందో, ఎక్కడ కలిసిందో ముల్లు చెప్పదు. ఆ మాట అందామని గొంతు సవరించుకునేలోపు తోడల్లుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటు తిరిగాడు.

సిలిండరమ్మ తన ట్రాలీ ఆటో తానే నడుపుకుంటూ వచ్చింది. ఆ వీధిలో ఏసీ షెడ్లన్నిటికీ గ్యాసు ఆమెదే. నిండు సిలిండరు దించుతుంది, ఖాళీది ఎక్కించుకుంటుంది. సిలిండరు ఎప్పటికీ ఆమెది, లోపలున్న గ్యాసే షెడ్డుది. ఆమె అసలు పేరేమిటో వీధిలో ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు.

"ఏమ్మా, ఏం కలుపుతున్నావు?" అన్నాడు తోడల్లుడు, ఆమె బ్రేకు లాగకముందే.

"దేంట్లో?"

"నీళ్ళు కలపడానికి ఇది పాలు కాదు. బండ్లు వరసగా తిరిగొస్తున్నాయి. నీ కొత్త సిలిండరు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే గోల."

ఆమె దిగింది. గొంతు పెంచలేదు. "సీలు ఎవరు తీశారు?"

"మా తమ్ముడే."

"సీలు సరిగ్గా ఉందా మేస్త్రి గారూ?"

ఉంది. మేస్త్రి తలూపాడు.

"సీలు వెయ్యడం ఎంత పని? టోపీ పెట్టి ఒక నొక్కు నొక్కితే సీలే," అన్నాడు తోడల్లుడు, టాక్సీ డ్రైవరు వైపు తిరిగి, అతనికే చెబుతున్నట్టు. "మేం నమ్మకం మీద బతికేవాళ్ళం. మాకు వచ్చిన సరుకే కల్తీదైతే మేమేం చేస్తాం, చెప్పండి?"

అప్పటికి పక్క షెడ్డు పొడుగాయన వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. ఎదురు షెడ్డులోంచి ఇద్దరు రోడ్డు దాటారు. అందరివీ ఏసీ పనులే, అందరూ ఆమె గ్యాసు వాడేవాళ్ళే.

సిలిండరమ్మ కొంగు నడుముకు బిగించింది. "మీరు ఓనరు. ఏదైనా అంటారు. చేత్తో పట్టుకుని పనిచేసేది మేస్త్రి గారు. ఆయన్ను చెప్పమనండి." ఈయన వైపు తిరిగింది. "చెప్పండి. నా గ్యాసులో కల్తీ ఉందా?"

ఇంజను నడుస్తూనే ఉంది. అందరూ మేస్త్రి మొహంలోకి చూశారు. ఆయన గేజీ అద్దం మీద మరకేదో ఉన్నట్టు గుడ్డతో తుడిచాడు. మరక లేదు. ఇంకోసారి తుడిచాడు. కంప్రెసరు టక్కుమని ఆగింది, టక్కుమని అంటుకుంది. ఆమె ఎదురుచూసింది. తోడల్లుడు కూడా ఎదురుచూశాడు. మేస్త్రి కళ్ళు ముల్లు మీదే పెట్టుకుని ఎటూ అనలేదు.

ఆమె లోపలికెళ్ళి, సగం వాడిన తన సిలిండరు మెడ పట్టుకుని దొర్లించుకుంటూ తెచ్చింది. రోజూ అయితే రెండో కొస మేస్త్రి పట్టేవాడు. ఇవాళ చేతులు గుడ్డను వదల్లేదు. ఆమె ఒక్కతే మోకాలి మీదికి ఎత్తుకుని ట్రాలీలోకి నెట్టింది. ఆటో వీధి మలుపు తిరిగింది. పొడుగాయన మేస్త్రిని ఒకసారి పైనుంచి కిందికి చూసి తన షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటి దగ్గర కుళాయి కింద చేతులు రుద్దుకుంటుంటే భార్య సబ్బు పొడి డబ్బా అందించింది.

"బావగారు గ్యాసు దొంగను పట్టుకున్నారట కదా."

"ఎవరు చెప్పారు?"

"అక్క ఫోన్ చేసింది."

"దొంగ అందా?"

"అక్క 'ఆవిడెవరో' అంది. దొంగ అన్నది నేను. ఏం, కాదా?"

"ఏమో."

"మీ ఏమోలతోనే ఇన్నేళ్ళు కాపురం చేశాను," అంది ఆమె. "పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే కూడా ఏమో అనే ఉంటారు. పెద్దవాళ్ళు అవునని రాసేసుకుని ఉంటారు." నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె అప్పటికే లోపలికెళ్ళి కంచం పెడుతోంది. ఆయన గోరు సందుల్లో నలుపు ఎంత రుద్దినా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లల వ్యాను వచ్చింది. చిన్న బడి పిల్లల్ని తిప్పే బండి. నడిపే ముసలాయన దిగి, "నిన్నటి నుంచి చల్లగాలి మొత్తానికే బంద్ మేస్త్రి గారూ. పిల్లలు బాతుల్లా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నారు," అన్నాడు.

మేస్త్రి వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. కంత వెతకడం అట్టే సేపు పట్టలేదు. గ్యాసు కారిన చోట దానితోపాటు నూనె కూడా చెమ్మగా బయటికొస్తుంది, ఆ చెమ్మకు దుమ్ము అంటుకుంటుంది. వెనక సీట్ల వైపు వెళ్ళే పైపు మీద, నేల రేకులోంచి పైకి లేచే వంపు దగ్గర, బొటనవేలంత మేర నల్లగా జిడ్డు పట్టి ఉంది. గుడ్డతో తుడిచి సబ్బు నురగ రాశాడు. చాలాసేపటికి ఒకే ఒక బుడగ లేచి, ఉబ్బి, చిట్లింది. వెంట్రుకంత పగులు. గ్యాసు దాదాపుగా పోయింది. మిగిలినది వదిలేసి, రెండు వైపులా మరలు విప్పి, ఆ చోట అతుకు వెయ్యడానికి మంట చిమ్మే టార్చి వెలిగించాడు.

మంట పైపు దగ్గరికి చేరిందో లేదో, విప్పిన కొసలోంచి నీలం నాలుక ఒకటి బయటికొచ్చింది. చప్పుడు లేదు. పైపు వెంట జారి, మణికట్టు దాకా వచ్చింది. మేస్త్రి చెయ్యి లాక్కుని, టార్చి ఆర్పి, పక్కనున్న తడి గోనె దాని మీద వేసి రెండు చేతులా అదిమాడు. చేతి మీద వెంట్రుకలు కమిలిన వాసన. గోనె తీసేసరికి మంట లేదు. పైపు కొస నల్లబడింది.

అక్కడే, బండి కిందే, కాసేపు పడుకుండిపోయాడు. కారు ఏసీ గ్యాసు మంటకు తగిలితే గొంతు పట్టేసే ఘాటు వస్తుంది తప్ప అంటుకోదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంటుకోలేదు. ఇది అంటుకుంది. ఆ పగులుకు, పైన పిల్లలు కాళ్ళు పెట్టుకునే చోటికి మధ్య ఒక రేకు, ఒక రబ్బరు పట్టా. అంతే. సీటు కిందినుంచి ఎవరి మంచినీళ్ళ సీసానో దొర్లి రేకుకు తగిలిన శబ్దం వినిపించింది.

"ఏమైంది మేస్త్రి గారూ?" అన్నాడు ముసలాయన వంగి చూస్తూ.

"బండి ఇవాళ ఇవ్వను," అన్నాడు మేస్త్రి. "పిల్లలకు వేరే ఏర్పాటు చూసుకోండి."

ముసలాయన గొణుక్కుంటూ వెళ్ళాక లేచి కూర్చున్నాడు. ఈ వ్యానుకు గ్యాసు నింపింది తనే. నింపి పంపించాక, ఆ సాయంత్రం సిలిండరమ్మ కొత్త సిలిండరు దించింది. దాని సీలు తీసింది ఆ మర్నాడు. ఆ వరస మనసులో ఒకటికి రెండుసార్లు నడిపి చూసుకున్నాడు. ఎటునుంచి నడిపినా వ్యానే ముందు, కొత్త సిలిండరు తర్వాత.

షెడ్డు మూలనున్న రికవరీ మిషను వైపు చూశాడు. విప్పే ప్రతి బండిలోంచి పాత గ్యాసు లాగి తన కడుపులో దాచుకునేది అదే. ఆ గ్యాసే వడగట్టి ఇంకో బండికి నింపుతారు. చాలకపోతే సిలిండరులోంచి కొంత కలుపుతారు. అది నూనెను వడగడుతుంది, తడిని వడగడుతుంది. గ్యాసులో కలిసిన ఇంకో గ్యాసును మాత్రం అది విడదీయలేదు. అందుకే కొత్త బండి వస్తే మిషను తగిలించే ముందు, లోపలున్నది ఏ గ్యాసో చూసుకోవాలి. మేస్త్రి ఎప్పుడూ చూస్తాడు. ఇంజను ఆపి, బండిని నీడలో చల్లబడనిచ్చి, ఆనాటి ఎండకు ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉందా అని చూస్తాడు. లేకపోతే గొట్టం తగిలించడు.

మిషనును షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి తోసుకెళ్ళాడు. గొట్టం కొస దూరంగా పెట్టి, పిసరంత గ్యాసు తడి గుడ్డ మీదికి వదిలి, పొడుగాటి కడ్డీ కొసన మంట పెట్టి దగ్గరికి తెచ్చాడు. గుడ్డ మీద నీలంగా, కాస్త పచ్చగా మంట లేచి, ఉయ్యాల ఊగినట్టు అటూ ఇటూ ఊగి ఆరింది. గొట్టం కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నూనె వాసన వెనక, చాలా సన్నగా, వంటింటి వాసన.

అద్దాల గదిలో తోడల్లుడు ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు. మేస్త్రి లోపలికెళ్ళి తలుపు వేశాడు. ఆయన ఎప్పుడూ ఆ తలుపు వెయ్యడు. తోడల్లుడు ఫోను పెట్టేశాడు.

"మిషనులో వంటగ్యాసు ఉంది అన్నయ్యా."

తోడల్లుడు బల్ల మీద పెన్నులు సర్దాడు. నీలంది ఒక పక్క, ఎర్రది ఒక పక్క.

"ఎవరు ఎక్కించారు?" అన్నాడు మేస్త్రి.

"నేనెక్కించలేదు," అన్నాడు తోడల్లుడు. "నువ్వు మరదలిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు పాత జీపు ఒకటి వచ్చింది. తొందర తొందర అని ప్రాణం తీశాడు. మిషను తగిలించి లోపలిదంతా లాగేశాను. లాగాక వాసనొచ్చింది. ఎవడో చవకలో అయిపోతుందని వంటగ్యాసు ఎక్కించి పంపాడు వాడికి. నాకేం తెలుసు?"

"వాసనొచ్చింది కదా."

"వచ్చింది. అనుమానం. అంతే."

"మరి ఆమెను పిలిచి కల్తీ అన్నప్పుడు ఆ అనుమానం గుర్తు లేదా?"

తోడల్లుడు పెన్నులు మళ్ళీ కలిపేశాడు. "కూర్చో తమ్ముడూ." మేస్త్రి కూర్చోలేదు. "బండ్లు తిరిగొస్తుంటే ఎవరినో ఒకరిని చూపించాలా వద్దా? మన షెడ్డులోనే కలిసిందని చెబితే రేపటినుంచి ఇక్కడికి సైకిలు కూడా రాదు. అందులో నీ అన్నమూ ఉంది. ఆమెకేం, ఇంకో వీధి ఉంది. నాలుగు నెలలాగి నేనే పిలుస్తాను, ఏదో పొరపాటైందంటాను."

"బండ్ల సంగతి?"

"పిలుద్దాం. మెల్లగా, ఏదో సర్వీసని చెప్పి ఒక్కొక్కటీ మార్చేద్దాం."

"మెల్లగా కాదు. అది అంటుకుంటుంది." మేస్త్రి చెయ్యి చాపి చూపించాడు. మణికట్టు మీద చర్మం ఎర్రగా, నున్నగా ఉంది.

తోడల్లుడు ఆ చెయ్యి చూసి మొహం తిప్పుకున్నాడు. "సరే. ఇవాళే ఫోన్లు చేస్తాను. అందరికీ నేనే చేస్తాను. సరేనా?" గొంతు తగ్గించాడు. "ఒక్కటి మాత్రం ఆలోచించుకో. ఇది బయటికొస్తే అక్కచెల్లెళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. నేను నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. నువ్వెటూ మాట్లాడవు కదా. అలాగే ఉండు. నేనడిగేది అంతే."

మేస్త్రి ఆ రోజంతా వ్యాను దగ్గరే ఉన్నాడు. పైపులన్నీ విప్పి, లోపలి నూనె సహా కడిగి, అతుకు వేశాడు. మధ్యాహ్నం టాక్సీని ఖాళీ స్థలంలోకి తోయించి, బ్యాటరీ తీగ విప్పి, దాని గ్యాసు కూడా కొంచెం కొంచెంగా గాలికి వదిలేశాడు. డ్రైవరు దూరం నుంచి, "ఎందుకు వదిలేస్తున్నారు మేస్త్రి గారూ, నిన్ననే కదా చూశారు?" అని అడిగాడు. మేస్త్రి జవాబు వెతుక్కునేలోపు తోడల్లుడు వచ్చి, "ఆ కల్తీ గ్యాసే కదా, ఎలా ఉంచుతాం?" అన్నాడు. డ్రైవరు తలూపాడు. మేస్త్రి గొట్టం ముడి విప్పుతూ తలొంచుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సిలిండరమ్మ ఇంటి వైపు నడిచాడు. ముందు వాకిట్లో గోడ వారగా సిలిండర్లు నిలబెట్టి ఉన్నాయి. ముక్కాలి పీట మీద ఒక ముసలామె కూర్చుని, కుంచెతో సిలిండరు మెడకు రంగు పూస్తోంది.

"ఎవరే వచ్చింది?" అంది ఆవిడ లోపలికి చూసి గట్టిగా.

"షెడ్డు మేస్త్రి, అత్తయ్యా. మాట్లాడని ఆయన."

"మాట్లాడనివాడు ఎందుకొచ్చాడు?"

"అదే కనుక్కుందామని వస్తున్నా." సిలిండరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కూర్చోమనలేదు.

మేస్త్రి నిలబడే చెప్పాడు. జీపు సంగతి, మిషను సంగతి, వ్యాను కింద మంట సంగతి. చెప్పడానికి తొందరగానే అయిపోయింది. ఆమె ఆశ్చర్యపోలేదు. ఇలాంటిదే అయ్యుంటుందని ముందే అనుకున్నట్టు, ఎండిన రంగు మరకను గోటితో గీరుతూ వింది.

"మీ అన్నయ్య నోటి దురద కొద్దీ అన్నాడు. ఆయన మీద నాకంత కోపం లేదు," అంది చివరికి. "ఆయన మాట ఈ వీధిలో ఎవరు నమ్ముతారు? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఇవాళంతా నేను షెడ్డు షెడ్డుకూ తిరిగాను. ఒక్కరూ ఆయన పేరెత్తలేదు. 'మేస్త్రి పక్కనే ఉన్నాడట, అడిగితే కాదనలేదట' అన్నారు. అందరూ అదే అన్నారు. నమ్మింది మిమ్మల్ని."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "నేనేమీ అనలేదమ్మా."

"అనలేదు. అందుకే నమ్మారు."

ముసలామె కుంచె ఆపి ఇద్దరి వైపూ చూసింది.

"నాకప్పుడు తెలియదు. ఏం కలిసిందో, ఎక్కడ కలిసిందో నిజంగా తెలియదు."

"తెలియదని చెప్పొచ్చుగా," అంది సిలిండరమ్మ. "ఒక్క మాట. నాకు తెలియదు అని. నేనంతకంటే అడగలేదు."

బండివాళ్ళు నిలబడి చూస్తుండగా మేస్త్రి అన్నవాడు తెలియదనకూడదు. పని నేర్పినాయన దెబ్బలతో నేర్పిన మొదటి పాఠం అది. తెలియకపోతే ఊరుకో, బానెట్టులోకి చూస్తూ ఉండు, కాసేపటికి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ ఆ ఊరుకోవడమే ఆయనకు పేరు తెచ్చింది.

"వాళ్ళ ముందు గుడ్డ మీద మంట పెట్టి చూపిస్తాను," అన్నాడు. "మిషనులోది అంటుకుంటుంది. మీది అంటుకోదు. అందరూ కళ్ళారా చూస్తారు."

"గారడీ చూపిస్తే గారడీ చూసి పోతారు. నోటితో పోయింది, నోటితోనే రావాలి." ఆమె లోపలికి తిరిగింది. "రేపు పొద్దున ఖాళీలు తీసుకోవడానికి వస్తున్నాను. అందరూ బయటపెట్టేశామని చెప్పారు. నిండువి వద్దట. ఆ తర్వాత నాకు ఆ వీధిలో పని లేదు."

మర్నాడు స్నానం చేసి వచ్చాక భార్యకు చెప్పాడు. వంటింటి గట్టుకు ఆనుకుని, తల తుడుచుకుంటూ చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి వింది. ఆ ఇంట్లో ఆమె ఊరుకుని ఆయన మాట్లాడడం కొత్తగా ఉంది.

"అక్క ఏడుస్తుంది," అంది.

"ఊఁ."

"నాతో మాట్లాడదు."

ఆయన తువ్వాలు దండెం మీద వేశాడు. ఆమె లోపలికెళ్ళి, మడత విప్పని చొక్కా తెచ్చి చేతికిచ్చింది. "నూనె మరకలది వద్దు. మాట్లాడేటప్పుడు జనం మొహంతోపాటు చొక్కా కూడా చూస్తారు." గుండీలు తానే పెట్టింది.

వీధిలో షెడ్ల ముందు ఖాళీ సిలిండర్లు బయటికొచ్చి ఉన్నాయి. రోజూ అయితే ఖాళీ పక్కన షెడ్డువాళ్ళు నిలబడి నిండుదాని కోసం చూసేవాళ్ళు. ఇవాళ సిలిండర్లు మాత్రమే, కుక్కపిల్లల్ని గుమ్మం బయట వదిలేసినట్టు. సిలిండరమ్మ ఒక్కొక్కటే ఎత్తి ట్రాలీలో పడేస్తుంటే ఖాళీ ఇనుము ఖంగుమంటోంది. షెడ్లవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని అటూ ఇటూ కాని వైపు చూస్తున్నారు. ఆటో ఒక్కో షెడ్డే దాటుకుంటూ పొడుగాయన దాకా వచ్చింది. అక్కడినుంచి వీళ్ళ దగ్గరికి. వీళ్ళ ఖాళీలు రెండు. ఒకటి ఎక్కించింది. రెండోదాని కింది కొస మేస్త్రి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పైకి నెట్టారు. ఆమె వెనక తలుపు గొళ్ళెం వేసి, ముందుకు వెళ్ళి కూర్చుంది.

ఇంజను అంటుకుంది. మేస్త్రి రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఆగండి," అన్నాడు. ఆ గొంతు ఇంజను చప్పుడులో మునిగిపోయింది. ఆటో ముందుకు కదిలింది. ఆయన దాని ముందుకు నడిచి, రెండు చేతులూ అద్దం మీద పెట్టాడు. ఆమె ఇంజను ఆపింది.

పొడుగాయన టీ గ్లాసు గోడ మీద పెట్టాడు. తోడల్లుడు అద్దాల గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తమ్ముడూ," అన్నాడు మెల్లగా.

మేస్త్రి అటు చూడలేదు. పొడుగాయన వైపు చూశాడు, ఎదురు షెడ్డువాళ్ళ వైపు చూశాడు. అందరినీ ఒకేసారి చూడడం ఎలాగో తెలియక చివరికి రోడ్డు వైపు చూసి మాట్లాడాడు.

"ఈమె గ్యాసు మంచిదే. కల్తీ మా మిషనులో ఉంది. మా షెడ్డులో కలిసింది. ఎవరి బండిలోనో వంటగ్యాసు ఉంటే చూసుకోకుండా లాగేశాం. అదే అన్ని బండ్లకూ ఎక్కింది."

ఆయన చెప్పడం అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆయనా అయిపోయిందనే అనుకున్నాడు. కాని కాళ్ళు అక్కడినుంచి కదల్లేదు.

"మొన్న ఈమె నన్ను అడిగింది. నాకు తెలియదు. తెలియదని అనలేదు." ఆటో అద్దం మీది చేతులు తీశాడు. "అది తప్పు. మీరు నన్ను చూసి నమ్మారట. నమ్మొద్దు."

పొడుగాయన గోడ దగ్గరినుంచి కదిలి ఆటో పక్కకు వచ్చాడు. గొంతు గరగరలాడించి, "నిండువి ఎప్పుడు తెస్తావు అక్కా?" అన్నాడు, చక్రం వైపు చూస్తూ.

"ఇవాళ తేలేదు. వద్దన్నారు కదా," అంది సిలిండరమ్మ. కొంచెం ఆగి, "సాయంత్రం చూస్తాను," అంది.

"మాకూ రెండు," అన్నాడు ఎదురు షెడ్డులోంచి ఒకతను.

ఆమె తలుపు దగ్గరున్న తోడల్లుడి వైపు చూసింది. "మీకు వెయ్యను. ముందు ఆ మిషను కడుపు ఖాళీ చేయించండి. బయట తిరిగే బండ్లన్నీ ఖాళీ చేయించండి. ఆ తర్వాత మేస్త్రి గారు పిలిస్తే వస్తాను."

"బయట ఇంకా తిరుగుతున్నాయా?" అన్నాడు పొడుగాయన. ఈసారి మొహం ఎత్తి. "పిలవలేదా వాటిని?"

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "నిన్నే అందరికీ ఫోన్లు చేస్తానన్నావు కదా అన్నయ్యా."

తోడల్లుడు తలుపు చెక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏదో ఒకటి చెబుతాడని అందరూ చూశారు. చెప్పడానికి ఆయన పెదవులు కదిలాయి కూడా. మాట రాలేదు.

మేస్త్రి రోడ్డు దాటి ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. తోడల్లుడు జేబులోంచి ఫోను తీసి, తాళం తెరిచి, ఆ చేతిలో పెట్టాడు. పెట్టి లోపలికి వెళ్ళలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి, జీపు వచ్చిన రోజు నుంచి ఒక్కొక్కరి పేరూ తలొంచుకునే చెప్పాడు.

మొదటి పేరు మేస్త్రే వెతికాడు. ఫోనుకు నూనె చేతులు అలవాటు లేవు, రెండుసార్లు జారింది. అవతల గంట మోగుతుంటే వీధంతా ఆయన వైపే చూస్తోంది. సిలిండరమ్మ కూడా ఇంజను వెయ్యలేదు.

"అమ్మా, షెడ్డు నుంచి మేస్త్రిని. బండి ఎక్కడుంది? ఇంటి ముందేనా? మంచిది. అందులో ఎవరూ కూర్చోకండి. తలుపులన్నీ తీసి పెట్టండి. పక్కన పొయ్యి, సిగరెట్టు, ఏదీ వద్దు. నేనే వస్తున్నాను."

అవతలి మనిషి ఏదో అడిగింది. మేస్త్రి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఎందుకంటే," అని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.